గరిటె ఎవరి చేతిలో?

విశాఖ వన్‌టౌన్ గురించి ఎవరు మాట్లాడినా మూడు కొండల దగ్గరే మొదలుపెడతారు. ఒకదాని మీద రాస్‌హిల్ చర్చి, పక్కదాని మీద దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. హార్బర్‌లోకి వచ్చే ఓడలకి మూడూ కనిపిస్తాయని, మా ఊళ్ళో అన్ని మతాలవాళ్ళూ ఇలా పక్కపక్కనే బతుకుతారని చెప్పుకుంటాం. నిజమే, నాకూ ఆ గర్వం ఉంది. కానీ నేను పుట్టి పెరిగిన చిన్న క్రైస్తవ సంఘంలో, ఒకే కప్పు కింద, ఒకే దేవుణ్ణి నమ్మిన మనుషుల మధ్య ఉన్న దూరం గురించి మాత్రం ఎవరూ రాయరు. నేను రాస్తాను. సంఘం పేరు రాయను. అలాంటి సంఘాలు విశాఖలో ఒకటి కాదు, ఇది చదివేవాళ్ళలో చాలామందికి వాళ్ళ మందిరమే గుర్తొస్తుంది.

మాది మాల కుటుంబం. సంఘంలో మావాళ్ళే ఎక్కువ. పెద్దలు, సెక్రటరీ, సండేస్కూల్ టీచర్లు, కాయిర్‌లో పాడేవాళ్ళు, అందరూ మా చుట్టాలో, చుట్టాలకి చుట్టాలో. రెల్లివీధి నుంచి రెల్లి కులం కుటుంబాలు కూడా కొన్ని వచ్చేవి. మగవాళ్ళు చాలామంది మునిసిపాలిటీలో పారిశుద్ధ్యం పని, ఆడవాళ్ళు కొంతమంది పూర్ణా మార్కెట్ దగ్గర పళ్ళు అమ్ముకునేవాళ్ళు. మందిరంలో ముందు బెంచీలుండేవి, వెనక తలుపు దగ్గర చాపలుండేవి. వాళ్ళు వచ్చి ఆ చాపల మీద కూర్చునేవాళ్ళు. అక్కడ కూర్చోమని వాళ్ళకి ఎవరైనా చెప్పగా నేనెప్పుడూ వినలేదు, అంటే నేను పుట్టక ముందే ఎవరో చెప్పేశారన్నమాట. అందరూ రొట్టె పంచుకునే ప్రభు బల్ల ఆదివారం రొట్టె పళ్ళెం ముందు బెంచీ నుంచి బయలుదేరి అందరి చేతులూ దాటి ఆఖరున ఆ చాపల దగ్గరికి వెళ్ళేది. మధ్యలో ఎప్పుడూ అటు తిరిగి ఇటు రాలేదు.

క్రిస్మస్‌కి మా సంఘంలో ప్రేమవిందు ఉండేది. ముందు నెలల్లో స్త్రీల సమాజం వాళ్ళు ఇంటింటికీ తిరిగి గుప్పెడు బియ్యం పోగుచేసేవాళ్ళు, రెల్లివీధికీ వెళ్ళేవాళ్ళు, ఆ బియ్యమూ ఈ బియ్యమూ ఒకే గోనెలో పడేవి. బియ్యానికి లేని పట్టింపు వండే చేతికి ఉండేది. వంట మా ఆడవాళ్ళది, వడ్డన మా కుర్రాళ్ళది. గుండిగలు తోమడం, ఎంగిలి విస్తళ్ళు ఎత్తడం వాళ్ళది. ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకుల విస్తళ్ళలో మొదటి బంతి, రెండో బంతి అయ్యాక, ఆఖరి బంతిలో వాళ్ళు కూర్చునేవాళ్ళు. అప్పటికి మాంసంలో ముక్కలుండవు, పులుసే. దాని పేరు ప్రేమవిందు.

ఆ కుటుంబాల్లో ఒకావిడ ఉండేది. పిల్లలందరం ఆవిడని అప్పా అని పిలిచేవాళ్ళం. చదువు రాదు, కానీ కీర్తనల్లో ఏది మొదలుపెట్టినా ఆఖరి చరణం దాకా పుస్తకం లేకుండా పాడేది. వెనక తలుపు దగ్గర నుంచి ఆ గొంతు లేస్తే ముందున్న కాయిర్ పిల్లలు ఆవిడ వెంట వెళ్ళాల్సిందే. హార్మోనియం వాయించే మాస్టారు కూడా శ్రుతి ఆవిడకే సరిచేసుకునేవాడు. అయినా ఆవిడని కాయిర్‌లోకి ఎవరూ పిలవలేదు.

ఇప్పుడు మా తాత గురించి చెప్పాలి, ఎందుకంటే ఆయన గురించి చెప్పకపోతే ఇదంతా సగమే. తాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వాల్తేరు లోకోషెడ్‌లో ఖలాసీ. బొగ్గు, నూనె, ఆవిరి. అప్పట్లో రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి, డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ఉత్సాహంలో తాత ఓ ఆదివారం పొద్దున్న ఉతికిన పంచె, చొక్కా వేసుకుని అక్కడి చాపెల్‌కి వెళ్ళాడు. లోపల ఇంగ్లిషు ఆరాధన జరుగుతోంది. గుమ్మంలోనే ఒకాయన ఆపి, మీకు సాయంత్రం తెలుగులో ఉంటుంది, అప్పుడు రా అన్నాడు. నాకు భాష అర్థం కాకపోయినా ఫర్వాలేదు కూర్చుంటాను అన్నాడట తాత. కుదరదన్నారు. వరండాలో నిలబడి కిటికీలోంచి పాటలు విని వచ్చేశాడు. ఆ కథ మా ఇంట్లో ప్రతి పండక్కీ వినేవాళ్ళం. లోపల బెంచీలు ఖాళీగా ఉన్నాయమ్మా, ఖాళీగా ఉన్నాయి, అని ప్రతిసారీ అనేవాడు. చెప్పినప్పుడల్లా గొంతు మారేది.

ఆ తాతే పెద్దయ్యాక మా సంఘంలో డీకన్. రొట్టె పళ్ళెం పట్టుకుని ముందు నుంచి వెనక్కి నడిచేది ఆయనే.

ఈ నిచ్చెన మావాళ్ళు కట్టింది కాదు. దాన్ని కట్టినవాళ్ళు పైమెట్ల మీద ఇప్పటికీ క్షేమంగానే ఉన్నారు. ఊరి బావి దగ్గర మమ్మల్నీ, రెల్లివాళ్ళనీ ఒకేలా తోసేసినవాళ్ళు వాళ్ళు. కానీ కింద ఇంకో మెట్టు కనిపిస్తే దాని మీద కాలు పెట్టడానికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇది రాస్తే మావాళ్ళకే కోపం వస్తుందని తెలుసు. మన గొడవలు మనలో ఉంచుకోవాలి, బయటపెడితే పైవాళ్ళకి లోకువవుతాం అంటారు. బాధపడ్డవాళ్ళు కూడా మనలోనే ఉన్నప్పుడు ఆ మాట ఎవరికి మేలు చేస్తుందో ఆలోచించమంటాను.

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో దళితులను వేటాడి చంపారు. నాకప్పుడు హైస్కూల్ వయసు. ఆ ఆదివారం మా మందిరంలో ప్రసంగమే జరగలేదు, ఏడుపులే. ప్రత్యేక కానుక పట్టారు, స్త్రీల సమాజం బియ్యం, పాత బట్టలు పోగుచేసింది. అప్ప కొంగు ముడి విప్పి ఉన్న చిల్లరంతా సంచిలో వేసింది. ఆరాధన అయ్యాక అందరూ గుమ్మం దగ్గర పాస్టరు గారికి వందనాలు చెప్పి వెళ్తున్నారు. అప్ప ఆయన ముందు ఆగింది.

"అయ్యగారూ, అక్కడ సచ్చిపోయినోలు మనోలని అందరూ ఏడుస్తన్నారు. ఏడవాల్సిందే. మరి ఇక్కడ మేవు ఎవులమండి?"

అంతే అడిగి వెళ్ళిపోయింది. పక్కనే మా అమ్మ చెయ్యి పట్టుకుని నేనున్నాను. పాస్టరు గారి ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

ఆయన హైదరాబాద్‌లో థియాలజీ చదివి వచ్చిన మనిషి, వయసులో చిన్నవాడు. ఆ తర్వాత శనివారం యూత్ మీటింగుల్లో మామూలు బైబిల్ క్విజ్‌లు మానేసి వేరే సంగతులు మొదలుపెట్టాడు. మన పట్నానికి సువార్త 1805లోనే వచ్చింది, క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషనరీలు ఇక్కడే ఉండి తెలుగులోకి సువార్తలు అనువదించడం మొదలుపెట్టారు, 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి, అని పెద్దలు గర్వంగా చెప్తారు కదా, అది సరే, మరి అదే శ్రీరాంపూర్‌లో 1800లో కృష్ణపాల్ అనే బెంగాలీ బాప్తిస్మానికి ముందు మిషనరీలతో కలిసి కూర్చుని అన్నం తిన్నాడని ఎందుకు చెప్పరు, అని అడిగాడు. అక్కడ కులం విడవడమంటే నోటితో ఒప్పుకోవడం కాదు, పక్కన కూర్చుని తినడం. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ సంఘాల్లో కులభేదం పూర్తిగా, వెంటనే మానాలని ఉత్తరం రాస్తే దక్షిణాదిన కొంతమంది క్రైస్తవులు కులం మానలేక సంఘమే మానేశారని కూడా అప్పుడే విన్నాను.

తర్వాత బయటి దేశాలు. అమెరికాలో ఫిలడెల్ఫియాలో ఓ మెథడిస్టు చర్చిలో, మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తున్న నల్లవాళ్ళను మధ్యలోనే లేపబోతే, రిచర్డ్ అలెన్, అబ్సలోం జోన్స్, వాళ్ళతో ఉన్నవాళ్ళు ప్రార్థన ముగించి అందరూ కలిసి బయటికి నడిచారు. ఆ అలెన్ నాయకత్వంలోనే 1816లో నల్లవాళ్ళ సొంత మెథడిస్టు సంఘం ఏర్పడింది. మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశం వచ్చినప్పుడు తిరువనంతపురంలో అంటరానివాళ్ళ పిల్లలు చదివే బడిలో ప్రిన్సిపాల్ ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన మీ సాటి అంటరానివాడు అని పరిచయం చేశాడట. కింగ్‌కి ముందు మనసు చివుక్కుమన్నా, తర్వాత ఆలోచించి, అవును, నేను అంటరానివాణ్ణే అనుకున్నాడట. ఇది విన్నప్పుడు వెనక బెంచీలో రెల్లివీధి కుర్రాడొకడు, కింగ్ అంతటోడు కూడానా అన్నాడు.

నన్ను పట్టేసింది మాత్రం దక్షిణాఫ్రికా సంగతి. 1990లో మండేలా జైలు నుంచి బయటికి రావడం టీవీలో చూశాం కాబట్టి ఆ దేశం మాకు కొత్త కాదు. 1857లో కేప్‌లో డచ్ రిఫార్మ్‌డ్ సంఘం మహాసభ ఓ తీర్మానం చేసింది. తెల్లవాళ్ళూ, నల్లవాళ్ళూ కలిసి ఆరాధించడమే వాక్యానికి తగినది అని ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, కొందరి బలహీనత వల్ల అవసరమైతే విడివిడిగా పెట్టుకోవచ్చు అంది. ఆ చిన్న వెసులుబాటే నెమ్మదిగా రంగుని బట్టి వేరు సంఘాలైంది, చివరికి వర్ణవివక్ష ప్రభుత్వానికి వేదాంతం కూడా అయింది. అలా వేరుచేయబడిన సంఘమే 1982లో బెల్హార్‌లో ఓ విశ్వాస ప్రకటన తయారుచేసి, 1986లో ఆమోదించి, ఇలా వేరుచేయడం సువార్తకే విరుద్ధం అని ప్రకటించింది.

ఇంతదూరం తిరగడం దేనికని మా పెద్దలు విసుక్కున్నారు. పాస్టరు గారు పెద్దల మీటింగ్‌లో చాపలు తీసేద్దాం, ఈ క్రిస్మస్‌కి వంట, వడ్డన రెల్లివీధి వాళ్ళకి ఇద్దాం అన్నప్పుడు ఒక పెద్దాయన, అయ్యగారూ మాకేం అభ్యంతరం లేదు గానీ, సంఘంలో బలహీనులుంటారు, వాళ్ళు తట్టుకోలేరు, సంఘం చీలిపోతుంది, అన్నాడట. మాకన్నా పెద్ద క్లాసు చదువుతున్న ఓ అన్న యూత్ సెక్రటరీగా ఆ మీటింగ్‌లో ఉన్నాడు. లేచి, తాతగారూ, ఇది 1857 తీర్మానమే కదండీ, అన్నాడట. వాణ్ణి కూర్చోమన్నారు.

పాస్టరు గారు ఆ తర్వాత ఆదివారం అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం చదివాడు. ఆది సంఘంలో గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాళ్ళకి రోజూ పంచే భోజనంలో అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టింది. అపొస్తలులు ఏం చేశారు? అందరం ఒకటే అని ప్రసంగం చెప్పి ఊరుకోలేదు. కమిటీ వేసి నెమ్మదిగా చూద్దాం అనలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అంటే ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ళవైపు మనుషులకే మొత్తం సంఘం వడ్డన అప్పగించారు. గరిటె వాళ్ళ చేతికిచ్చారు, అన్నాడాయన. నాకు తెలిసి సమాధానపడటం గురించి నేను విన్న ప్రసంగాల్లో అంత సూటిగా ఇంకొకటి లేదు. పాస్టర్లు ఇప్పటికీ గోడలు కూలిపోయాయని, క్రీస్తులో యూదుడు లేడు, గ్రీకువాడు లేడని పాడిస్తారు, పక్కవాళ్ళ చేతులు పట్టుకోమంటారు, కానీ గరిటె గురించి మాట్లాడరు.

ఆ క్రిస్మస్‌కి సామాన్లు కొనే డబ్బు కూడా అప్ప వాళ్ళకే ఇచ్చారు. లెక్క రాసింది ఆవిడ మరిది. గొర్రె మాంసం, పప్పుచారు, వంకాయ కూర, పెరుగు, విస్తట్లో తలా ఓ అరటిపండు. కొందరు ఆరాధన అవగానే ఇంటికి చుట్టాలొచ్చారని వెళ్ళిపోయారు. చుట్టాలందరూ అదే రోజు అదే గంటకి ఎలా వచ్చారో మరి. ఒక పెద్దాయన కుటుంబంతో సహా ఆ రోజుతో సంఘమే మానేసి వేరే చోటికి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. మా మామ్మ మాత్రం ఎవరూ పిలవకముందే వెళ్ళి మొదటి బంతిలో కూర్చుంది, నన్నూ పక్కన కూర్చోబెట్టుకుంది. అప్ప స్వయంగా వచ్చి వడ్డించింది. ముక్కలే వేసింది, పులుసు కాదు.

తాత కూడా బంతిలో కూర్చున్నాడు. డీకన్ కాబట్టి కూర్చోక తప్పలేదు. అరటిపండు ఒలుచుకుని తిని లేచి చెయ్యి కడుక్కున్నాడు. అందరూ చూశారు. అప్పా చూసింది.

జనవరి మొదటి ఆదివారం ప్రభు బల్ల. దానికి ముందు, ఎవరికి ఎవరి మీద ఏం ఉందో వెళ్ళి సమాధానపడి రండి, అర్పణ అక్కడే వదిలి వెళ్ళమన్నాడు ప్రభువు, అని పాస్టరు గారు పెద్దలతో గట్టిగా చెప్పాడు. దేవుడి ముందు ఒప్పుకుంటే చాలదా అని ఒకరు అడిగితే, తప్పు జరిగింది దేవుడికొక్కడికే కాదు కదా అన్నాడు. కొంతమంది వెళ్ళారు, కొంతమంది వెళ్ళలేదు. తాత చాలా రోజులు ఏమీ మాట్లాడలేదు. శనివారం చీకటి పడ్డాక, రేచీకటి కాబట్టి నన్ను తోడు తీసుకుని బయల్దేరాడు. కురుపాం మార్కెట్ మీదుగా రెల్లివీధి దాకా దారిలో ఒక్క మాట లేదు.

వాళ్ళ ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ తాతకి వేశారు. అప్ప గాజుగ్లాసులో టీ పెట్టింది. తాత దాన్ని పట్టుకుని క్షమించమని అడగలేదు. రైల్వే చాపెల్ కథ మొదలుపెట్టాడు. పంచె, చొక్కా, గుమ్మం, వరండా, కిటికీ, ఖాళీ బెంచీలు, అంతా మాకు చెప్పినట్టే చెప్పాడు. అప్ప భర్త చివరిదాకా విన్నాడు. విని, "అయితే మీకు తెలుసు కదయ్యా" అన్నాడు.

"తెలుసు" అన్నాడు తాత. "తెలిసే చేశాను."

ఆ తర్వాత అప్ప, టీ చల్లారిపోతంది తాగండి అంది. తాగాడు.

ఆయన ఆ మాట అనగలగడం గొప్ప విషయమే, నేను తక్కువ చేయను. కానీ దాన్ని కథ ముగింపుగా చెప్పుకోవడం నాకిష్టం లేదు, మా చుట్టాలు అలాగే చెప్పుకుంటారు, తాత ఎంత గొప్పవాడో అని. ఆ రోజు గొప్పవాళ్ళు ఆ కుర్చీ వేసినవాళ్ళు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభలో, తర్వాత దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు తెల్ల మిషనరీల ముఖం మీదే అడిగారు, మీరు బీదలకు ఆస్తులిచ్చారు, మీ శరీరాలూ ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని. ఆ మాట మన క్రైస్తవులు చాలా గర్వంగా తలుచుకుంటారు. అదే మాట రెల్లివీధి నుంచి మాకు వినిపిస్తే మాత్రం అతిగా మాట్లాడుతున్నారనిపించింది.

తర్వాత చాపలు పోయాయి, కొత్త బెంచీలు చేయించారు. అప్ప కాయిర్‌లోకి వచ్చింది, నేను ఆవిడ పక్కన నిలబడే పాటలు నేర్చుకున్నాను. కానీ పెళ్ళిళ్ళు మారలేదు. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే క్రైస్తవ వివాహ ప్రకటనలు చూడండి, రక్షణ పొందిన అమ్మాయి కావలెను అని రాసి పక్కనే కులం, ఉపకులం. పెద్ద కులాల క్రైస్తవులు సరే, మావాళ్ళూ అంతే. కాథలిక్ బిషప్పుల సభ 2016లో దళితుల సాధికారత విధానం ప్రకటిస్తూ సంఘంలో వివక్ష ఉందని అధికారికంగా ఒప్పుకుంది. 2022లో మన తెలుగువాడు పూల ఆంథోనీ గారు దేశంలో మొదటి దళిత కార్డినల్ అయ్యారు, ఆ రోజు నాకు నిజంగా కన్నీళ్ళొచ్చాయి, మేం కాథలిక్కులం కాకపోయినా. ఇంకో పక్క 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా లేదు. హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు ఉంది. క్రీస్తులో కులం లేదని ప్రభుత్వం మా మీద ప్రయోగించే మాట, మా మందిరాల్లో మేమే పాటించకపోవడం చాలా బాధాకరం.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. వచ్చే నెల మా సంఘం ఎన్నికలు. వంట, వడ్డన, కాయిర్, అన్నిట్లో అందరూ ఉన్నారు, కానీ ట్రెజరర్ పదవి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రెల్లివీధి వైపు వెళ్ళలేదు. అప్ప మనవడు బీకాం చదివి అకౌంట్స్ పని చేస్తున్నాడు, సంఘం ఆడిట్ కాగితాలు ఎలాగూ రాసిపెట్టేది అతనే, సంతకం మాత్రం వేరేవాళ్ళది. నేను అతని పేరు ప్రతిపాదించాను. అప్పటి నుంచి ఫోన్లు. అతని అర్హత గురించి ఒక్కరూ మాట్లాడటం లేదు. కొంచెం ఆగమ్మా, సంఘం చీలిపోతుంది, అంటున్నారు. నాన్నగారు కూడా టెన్షన్ పడుతున్నారు, పెద్దవాళ్ళతో ఎందుకు గొడవ అని.

పేరు వెనక్కి తీసుకోవడం లేదు. ఎన్నికల ఆదివారం ఆరాధన అయ్యాక ఓటింగ్. గాజువాక, మధురవాడ వైపు వెళ్ళిపోయినా సభ్యత్వం ఇంకా మా దగ్గరే ఉన్న పాతవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ రోజు బంతిలో కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. చందా బాకీ ఉంటే ఈలోపే కట్టేసి రండి, బాకీ ఉన్నవాళ్ళకి ఓటు ఇవ్వరు.